వాగు దాటని కోడలు

చిన్నప్పుడు నాకు ఇద్దరు ఆదర్శాలు. ఒకరు దంతాలపల్లిలో మా పక్కింటి పెద్దమ్మ. రెండోవారు ఆ పెద్దమ్మ నాట్లలో పాడే పాటలోని కోడలు. పెద్దయ్యాక ఏమవుతావని బడిలో అడిగితే అందరూ డాక్టర్, కలెక్టర్ అనేవారు. నేను ఈ ఇద్దరిలో ఎవరినో తేల్చుకోలేక నీళ్లు నమిలేదాన్ని.

వానాకాలం మా పొలంలో నాట్లు పడితే పెద్దమ్మే ముందు. బురదలో వరుసగా వంగిన ఆడవాళ్లకు ఆమె ఒక చరణం అందిస్తే, మిగతావాళ్లు దాన్నే తిప్పి పాడుతూ నారు నాటేవారు. నేను గట్టు మీద నుంచి నారు కట్టలు విసురుతూ చెవులు రిక్కించేదాన్ని. పాటలో కోడలు అత్తగారింట్లో చెప్పకుండా, నడుముకు కొడవలి దోపుకుని, ఒంటరిగా అడవిలో పడి తల్లిగారింటికి బయలుదేరేది. పులి ఎదురైతే "జరుగు, నాకు పొద్దువోతాంది" అని గద్దించేది. పులి జరిగేది. ఆ ధైర్యంతో నేనూ మా వాడకట్టు కుక్కను గద్దించాను. అది ఆ పాట విన్నట్టు లేదు, ఇంటిదాకా తరిమింది.

కోడలు వాగు దగ్గరికి వచ్చేసరికి ఆ మడిలో నాటు అయిపోయేది. ఒక మడిలో ఎత్తుకున్న పాటను ఇంకో మడిలోకి మోయకూడదన్నది పెద్దమ్మ పట్టు. "జర దాటియ్యి పెద్దమ్మా" అని బతిమాలితే, "మడి ఒడ్సింది గద బిడ్డా, నేనేం జేతు" అనేది. మా నాయిన ఇంత చిన్న మడులు ఎందుకు కట్టాడా అని నాకు ఒళ్లు మండేది.

ఇప్పుడు చిట్యాలలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. దారి పక్క పొలాల్లో గట్టు మీద ఫోన్ పాడుతుంటే నాట్లు వేస్తుంటారు. చూసినప్పుడల్లా పెద్దమ్మ గొంతు కోసం ప్రాణం కొట్టుకుంటుంది. మొన్న సెలవుకు ఊరికి పోయి నేరుగా ఆమె దగ్గరికే వెళ్లాను. మోకాళ్లు పట్టేసి గడప దగ్గరే కూర్చుని ఉంది. కోడలు వాగు దాటిందా లేదా అని అడిగాను.

"ఇన్నేండ్లకు గూడ నీకు గదే ఫికరా?" అని నవ్వింది.

"ఈడ మడి లేదు గద పెద్దమ్మా. ఇప్పుడన్న దాటియ్యి."

సరేనని ఎత్తుకుంది. గొంతు వణికింది గానీ, పులి మాత్రం అప్పటిలాగే పక్కకు జరిగింది. వాగు వచ్చింది. పాట ఆగింది. తరువాతి చరణం అందిస్తుందేమోనని నేను ఆఖరి మాటనే తిప్పి పాడాను. పెద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"వాగు అవుతల, కొత్తగూడ దిక్కు మా తల్లిగారూరు. పెండ్లైనంక మా అత్త నన్ను ఒక్కపారి గూడ తోలలే. నేనే పోలే, దాన్నెట్ల దాటియ్యాలె?"

నాకు ఏడుపు ఆగలేదు. ఎంత ధైర్యవంతురాలనుకున్నాను ఈమెను! ఇప్పటికీ అలాగే అనుకోవాలని ఉంది.

"ఇప్పుడు బస్సున్నది. రేపే పోదాం పా పెద్దమ్మా," అన్నాను.

"ఎవలింటికి బిడ్డా?" అంది. "అమ్మ లేదాయె."