పోశం మెడ, మేనేజర్ నాలుక

మా గోడకు అవతలి క్వార్టర్‌లో ఉండే పోశం తన కుక్కకు మేనేజర్ అని పేరు పెట్టుకున్నాడు. శ్రీరాంపూర్ కాలనీలో కుక్కలకు టామీ అనో, రాజా అనో పెట్టుకుంటారు. ఈయనకు అవేవీ ఆనలేదు.

"ముప్పై ఏండ్ల సంది మేనేజర్ల ముంగట చేతులు కట్టుకొని నిలబడుతున్న, ముబీనా. ఇగ జూడు, మేనేజరే నా కాళ్లు నాకుతుండు!" అని నాతో అని, తన మాటకు తానే పడీపడీ నవ్వాడు. ఆ కుక్కకు తెలిసిన విద్య కూడా అదొక్కటే. దొంగ వస్తే మొరగదు, కోతి వస్తే మంచం కిందికి పోతుంది, మనిషి కనిపిస్తే మాత్రం నాలుక బయటికి తీస్తుంది. నమాజుకు వేసుకునే బట్టలు ఆరేయాలంటే నేను ముందు గోడ మీదుగా తొంగి చూసి, మేనేజర్ గారు ఎక్కడున్నారో కనుక్కొని ఆరేయాలి.

పోశం బొగ్గుబాయిలో సపోర్ట్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు మనుషుల మీద పడకుండా దిమ్మెలు నిలబెట్టే పని. షిఫ్టు దిగాక స్నానం చేయడానికి బాయి మీదనే నల్లాలున్నాయి, గదులున్నాయి. తోటివాళ్లంతా అక్కడే సబ్బు రుద్దుకుని, తల దువ్వుకుని, పెళ్లికి పోయేవాళ్లలా ఇంటికొస్తారు. పోశం ఒక్కడే బొగ్గు మసితో బండెక్కుతాడు. ఎందుకయ్యా అంటే, స్నానం చేసి వస్తే మేనేజర్ నాకడట! చెమట ఉప్పు దానికి అంత ఇష్టమట! అందుకని ఇంటి వెనక స్టూలు మీద కూర్చుని, అంగీ విప్పి, మెడ చాచుతాడు. కుక్క ఆయన పాదాల దగ్గర మొదలుపెట్టి చెవుల దాకా వస్తుంది. ఈయన కళ్లు మూసుకుని, "శభాష్ మేనేజర్! ఇంకింత పైకి!" అంటుంటాడు.

"పెండ్లాం నీళ్లు కాగబెట్టి కూసుంటె కుక్కతోని స్నానం జేపించుకుంటున్నవు. ఏం మనిషివయ్యా నువ్వు?" అని వంటింట్లోంచి అనసూర్య అరిచేది. ఆమె అరుపు కూడా ఆ స్నానంలో భాగమే అన్నట్టు ఆయన ఇంకో చెవి అటు తిప్పేవాడు.

"కుక్క నాలికల మందుంటది చెల్లె. దానికి పుండయితె ఏ దవాఖానకు పోతది చెప్పు?" అని నాకు బోధ కూడా చేశాడు.

"అయితె దాన్నే దవాఖానల కూసోబెట్టు అన్నా. సూదులు, గోలీలు ఎందుకు దండుగ?" అన్నాను. ఆయనకు కోపమొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులు నాకు చాలా హాయిగా గడిచాయి.

ఇట్లాంటి ఇంటికి మనవరాలు వచ్చింది. పోశం బిడ్డ శ్యామల కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. అల్లుడు అరుణ్ గ్రానైటు లారీల లెక్క చూస్తాడు. ఇంటి దగ్గర పిల్లను చూసుకునే అత్తగారు బాత్రూంలో జారి కాలు విరగ్గొట్టుకుంది. దాంతో ఏడాదిన్నర కూతురు నైనికను తెచ్చి తల్లి చేతిలో పెట్టింది శ్యామల. అత్తగారి కాలు నయమయ్యేదాకా అని ఒప్పందం.

పోశంకు అంతకంటే కావలసిందేముంది? పిల్ల పుట్టినప్పటి నుంచి దాన్ని ఫోన్లో చూడటమే. "తాత అను, తాత అను" అని ఫోనుకు నోరు ఆనించి అరిచేవాడు, అవతల అది జడుసుకుని ఏడ్చేది. ఇప్పుడు పిల్లే ఇంట్లో ఉంది. వచ్చిన రోజు డ్యూటీ ఎగ్గొట్టి, మంచిర్యాల పోయి, నడిపించే బండి, పీపీ చెప్పులు, పిల్ల కంటే పెద్ద బొమ్మ తెచ్చాడు. రాత్రి పిల్ల నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందా లేదా అని వంగి వంగి చూశాడట. ఈ మనిషికి ఇంత ప్రేమ ఉందా అని అనసూర్యే ఆశ్చర్యపోయింది. పాపం, ఆమెకు ఎప్పుడూ చూపించి ఉండడు.

పోయేటప్పుడు శ్యామల ఒక్క మాట చెప్పింది. "బాపు, కుక్కను పిల్ల మొఖం దగ్గరికి రానియ్యకు."

"అరె, నేను లేనా? జర కూడ ఫికర్ జెయ్యకు" అన్నాడు.

బస్సు ఊరు దాటిందో లేదో, పిల్ల పప్పన్నం తిని మూతి నిండా నెయ్యి పూసుకుని కూర్చుంది. మేనేజర్‌కు కొత్త డ్యూటీ దొరికింది. బుగ్గలు, ముక్కు, కళ్లు, చివరికి నోట్లో మిగిలిన మెతుకు కూడా. పిల్ల కిలకిలా నవ్వింది. తాత చప్పట్లు కొట్టాడు. అనసూర్య కొంగుతో తుడిచేలోపల కుక్క ఇంకో విడత మొదలుపెట్టేది. నాలుగు రోజులకు పిల్ల గదవ కింద ఎర్రగా పొక్కింది. "చెమటకాయలు" అని తేల్చేశాడు పోశం.

సరే, ఇంట్లో జరిగింది ఇంట్లో ఉండేది. కానీ ఈయన దాన్ని వీడియో తీశాడు. తీసి, వెనక ఒక ప్రేమ పాట పెట్టి, ఎర్ర గుండెకాయలు అంటించి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు! అందులో కుక్క నాలుక పిల్ల నోట్లోకి పోయి రావడం స్పష్టంగా కనిపిస్తుంది. "శభాష్ మేనేజర్! మూతి మంచిగ తుడువు!" అన్న ఆయన గొంతు ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. శ్యామల కరీంనగర్‌లో డ్యూటీలో ఉండి అది చూసింది. తెల్లారి మొదటి బస్సుకు దిగింది.

"నీకు నేనేం చెప్పిన, నువ్వేం జేసినవ్ బాపు?" అని గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"మస్తుమంది చూసిన్రు బిడ్డా" అన్నాడీయన గర్వంగా. మెచ్చుకోవడానికే వచ్చిందనుకున్నాడు కాబోలు.

"పిల్ల మొఖం చూసినవా? గీ పొక్కులు చూసినవా? గా నోట్లె నుంచి నట్టలు, పురుగులు కడుపులకు పోతె ఎవడు చూస్తడు? నీ మేనేజర్ చూస్తడా? ఇంక రెండు వారాలకు, మంగళారం నాడు నాకు ఛుట్టి ఉన్నది, వస్త. గప్పటికి గిది బంద్ కాకపోతె పిల్లను తీస్కపోత. మా అత్తమ్మ మంచంల పండుకొని చూసినా నీకంటె మంచిగనే చూస్తది."

ఆ చివరి మాట పోశంకు ఎక్కడో తగిలింది. ఆ పూట అన్నం సరిగా తినలేదు. మర్నాటి నుంచి పనిలో దిగాడు. మొదట పిల్ల బుగ్గలకు వేపనూనె పూశాడు. చూడండి తెలివి! నాకేది కుక్క, శిక్ష పిల్లకు. ఆ చేదు చేతికంటి, నోట్లోకి పోయి, పిల్ల కాలనీ ఎగిరిపోయేలా ఏడ్చింది. కుక్క బుగ్గలు వదిలేసి చెవులు నాకింది. తర్వాత తన పాత బాయి టోపీ తెచ్చి పిల్ల నెత్తిన పెట్టాడు. అది గదవ దాకా దిగిపోయి, పిల్ల గోడకు గుద్దుకుంది. ఆ తర్వాత కుక్కను జామచెట్టుకు కట్టేశాడు. అది పట్టపగలు ఎవరో పోయినట్టు రాగం తీసింది. మా వరసలో సగం మంది రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాళ్లే. మూడో ఇంటి అంజి లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చి, "రాత్రంత బాయిల సచ్చి వచ్చిన పోశమన్నా, జర పండనియ్యవా?" అని దండం పెట్టాడు. తాడు విప్పేశారు.

చివరికి అనసూర్యే మొగుణ్నీ, కుక్కనూ ఆటోలో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు కుక్కను తక్కువ చూశాడట, పోశంను ఎక్కువ చూశాడట.

"గిది మొదట ఎవర్ని నాకింది?"

"నన్నే" అన్నాడట ఈయన, బహుమతి ఇస్తారేమో అన్నట్టు.

"నాకితె నువ్వేం జేస్తవ్?"

"శభాష్ అంట."

"ఇంకేముంది? నేర్పినోడివి నువ్వే."

కుక్కకు నట్టల మందు వేసి, టీకా వేసి, డాక్టరు చెప్పినవన్నీ సాదా మాటలే. బాయి మీదనే స్నానం చేసి ఇంటికి రావాలి. నాలుక చాపితే నవ్వొద్దు, తిట్టొద్దు, మొహం తిప్పుకుని లేచిపోవాలి. ఊరికే కూర్చుంటే అప్పుడు రొట్టె ముక్క ఇవ్వాలి. పిల్ల తినేటప్పుడు కుక్క బయట ఉండాలి, తిన్న వెంటనే పిల్ల మూతి కడగాలి. ఆ రెండింటినీ ఒంటరిగా వదలొద్దు.

"ఏం డాక్టరో ఏమో! కుక్కను తీస్కపోతె నన్ను స్నానం జెయ్యమన్నడు" అని పోశం కాలనీ అంతా చెప్పుకు తిరిగాడు.

అనసూర్య మాత్రం పట్టు పట్టింది. మేనేజర్ నాలుక బయటికి రాగానే చీపురు కట్ట లేకుండా, అరుపు లేకుండా అటు తిరిగిపోయేది. అది కాసేపు బిత్తరపోయి, కూర్చునేది. వెంటనే రొట్టె ముక్క. వారం తిరక్కుండానే అది పిల్ల తింటుంటే గడప అవతల కూర్చుని చూడటం నేర్చుకుంది. సిగ్గున్న జంతువు. పొక్కులు కూడా మానిపోయాయి.

సిగ్గు లేనిది ఎవరికో చెప్పాలా? ఒక రోజు బట్టలు ఆరేస్తూ గోడ మీదుగా చూస్తే, పోశం బాత్రూం వెనక స్టూలు వేసుకుని, అంగీ విప్పి, గుసగుసగా "రా మేనేజర్, గామె చూస్తలేదు" అంటున్నాడు.

"అన్నా!" అన్నాను.

"నీకు దండం పెడ్త చెల్లె, అనసూర్యకు చెప్పకు. పిల్లకు దూరంగనే ఉన్న గద. పొద్దంత చీకట్ల ఉండి వచ్చినోన్ని, ఇంటికొస్తె గింత సంబురపడేటోళ్లు ఎవరున్నరు చెప్పు?"

నేను చెప్పాను. చెప్పకుండా ఎట్లా ఉంటాను? ఆ పూట అనసూర్య ఆయనకు చారు పోయలేదు. అయినా మర్నాడు మళ్లీ అదే మెడ, అదే స్టూలు. గడపలో నిలబడి నోట్లో వేలు పెట్టుకుని నైనిక ఆ తమాషా అంతా చూస్తోందని మాత్రం మా ఎవరికీ పట్టలేదు.

మంగళవారం మధ్యాహ్నం శ్యామల వచ్చింది. పిల్ల గదవ ఎత్తి చూసింది. అన్నం పెట్టి చూసింది. మేనేజర్ గడప అవతలే కూర్చుంది. "అత్తా, గిది మా ఇంటి కుక్కేనా?" అని నన్ను పిలిచి మరీ నవ్వింది. పోశం షిఫ్టు దిగి, ఎప్పటిలాగే మసితో, గేటు తీస్తుండగా శ్యామల చెప్పేసింది. "పిల్ల ఈడనే ఉండనియ్ బాపు. ఎండాకాలం దాంక ఉంచుకోండ్రి."

పోశం కళ్లు తుడుచుకున్నాడు, మొహమంతా ఇంకా నల్లగా పులుముకుంది. ఆ సంతోషం ఎవరితో పంచుకోవాలో ఆయనకు తెలిసిన తోవ ఒకటే. నేరుగా ఇంటి వెనక్కి పోయాడు, అంగీ విప్పాడు, స్టూలు మీద కూర్చుని మెడ చాచాడు. "రా మేనేజర్!"

మేనేజర్ వచ్చింది. ఎదురుగా కూర్చుంది. రొట్టె ముక్క కోసం చూసింది. "అరె రా, ఏం గాదు" అని బతిమాలాడు. అది కదల్లేదు. దానికి ఇచ్చిన చదువు అది మరిచిపోలేదు మరి.

నైనిక వచ్చింది. తాత మోకాలు పట్టుకుని, ఒడిలోకి ఎక్కి, నాలుక చాపి ఆ మెడను నాకింది. చెవి కింద మొదలుపెట్టి భుజం దాకా, కుక్క ఎట్లా చేసేదో అట్లాగే. నాకి, శభాష్ అంటాడేమోనని ఆయన మొహంలోకి చూసింది. దాని నాలుక నల్లగా ఉంది. పెదాలు నల్లగా ఉన్నాయి. గుటక మింగి దగ్గింది.

నేను గోడకు ఇవతల బకెట్టు వదిలేసి అరిచాను. పోశం అప్పటికే పిల్లను నల్లా దగ్గరికి ఎత్తుకుపోయాడు. నోట్లో వేలు పెట్టి కడుగుతుంటే అది కొరికి, ఏడ్చి, ఉమ్మింది. నల్లటి ఉమ్మి. బాయి నుంచి వచ్చాక కాలనీలో ప్రతి మగాడూ ఉమ్మే ఉమ్మి. పోశం దాన్ని చూస్తూ ఉండిపోయాడు. "ఉమ్ము బిడ్డా, ఇంక ఉమ్ము" అంటూ దోసిట్లో మళ్లీ నీళ్లు పట్టాడు.

శ్యామల కట్టె పట్టుకుని ఉరికి వచ్చింది, కుక్క మీదికి.

"దాన్ని కొట్టకు" అన్నాడు పోశం. "అది కూసున్న కాడనే ఉన్నది. నేనే. కుక్కకు మెడ చాపుడు చూసి చూసి పిల్ల నేర్సింది. గా నలుపు నా కడుపుల ముప్పై ఏండ్ల సంది ఉన్నది బిడ్డా. పిల్ల నోట్లె చూసేదాంక నాకు గలీజనిపియ్యలే."

శ్యామల కట్టె పడేసింది. పిల్లను తీసుకుని మళ్లీ కడిగింది.

"తీస్కపో" అన్నాడు. "కుక్క నేర్సుకున్నది. నేను నేర్సుకున్నంక తీస్కరా."

పర్లేదు బాపు అంటుందని లోపల ఎక్కడో ఆశపడ్డాడేమో. శ్యామల అనలేదు. బ్యాగు సర్దింది, ఆటో పిలిచింది. అనసూర్య ఏడుస్తూ పీపీ చెప్పులు తెచ్చి పిల్ల కాళ్లకు తొడిగింది. పోశం తడిసిన ఒంటితో గేటు పట్టుకుని నిలబడ్డాడు.

ఆటో కదిలింది. నైనిక తల్లి భుజం మీదుగా తాతను చూసి టాటా అని చెయ్యి ఊపింది. ఊపి, నాలుక బయటికి చాపింది. పోశం నవ్వలేదు. నవ్వితే మళ్లీ చేస్తుందని, మొహం మా గోడ వైపు తిప్పుకుని ఏడ్చాడు.