ఈల మావయ్య, చప్పట్ల మేస్త్రి

ఈల మావయ్యకు ఈ ప్రపంచంలో పడనిది ఒక్కటే: అడిగినదానికి జవాబు చెప్పకుండా మాట తప్పించడం. తప్పించింది పోలీసైనా, పక్కింటి పిల్లాడైనా, కన్నకొడుకైనా ఆయనకు తేడా లేదు. మెడలో వేలాడే ఈల నోట్లోకి వెళ్ళిపోతుంది. బతుకంతా ఫుట్‌బాల్ మైదానాల్లో రెఫరీగా పరుగెత్తిన మనిషి. ఉద్యోగం వదిలిపెట్టాడు గాని ఈలను వదల్లేదు.

ఆ సాయంత్రం సిటీ బస్సులోనూ అదే జరిగింది. ముందు సీట్లో ఉన్నాయన కండక్టరును, "టౌన్‌హాలు దగ్గర ఆపుతారా?" అని అడిగాడు.

"ముందుకు జరగండి, ముందుకు జరగండి" అన్నాడు కండక్టరు.

ఈల మోగింది. అది కండక్టరు ఈలే అనుకుని డ్రైవరు నడిరోడ్డు మీద బ్రేకు తొక్కాడు. నిలబడ్డ జనమంతా కూర్చున్న జనం ఒళ్ళో పడ్డారు.

"ఎవరయ్యా ఈల ఊదింది?"

"నేనే. ఆయన అడిగిందేమిటి, నువ్వు చెప్పిందేమిటి?"

పక్కనే ఉన్న కోడలు చేతిసంచీ వెనక ముఖం దాచుకుంది. ఇవాళ అసలే ఆమె కంగారులో ఉంది. కుట్టుపని కార్ఖానాలో ఆమె మిషను తొక్కుతుంది. ఆ వీధిలో ఉండే పిల్లల కేంద్రానికి తాళం వేసి రెండేళ్ళయింది. అప్పటినుంచి తల్లులు పసిపిల్లల్ని మిషన్ల కింద గుడ్డముక్కల మీద పడుకోబెట్టి పని చేస్తున్నారు. కిందటి వారం ఆమె కూతురు తిరిగే చక్రంలో వేలు పెట్టబోయింది. త్రుటిలో తప్పింది. ఇప్పుడు ఎన్నికలు. టౌన్‌హాల్లో ఇద్దరు నాయకులకు టీవీలో వాదన. జనంలోంచి ప్రశ్న అడగడానికి ఆమెను ఎంపిక చేశారు. ఆమె చెప్పాలనుకున్నదంతా టీవీ వాళ్ళు విని ఒక్క వాక్యానికి కత్తిరించి, "ఇది చాలమ్మా" అన్నారు.

ముందు సీటాయన వెనక్కి తిరిగాడు. "నాకోసం బస్సు ఆపించిన మనిషిని ఇప్పుడే చూస్తున్నానండీ. నేనూ ఆ టీవీ కార్యక్రమానికే. చప్పట్ల మేస్త్రిని."

"అంటే?"

"జనం ఎప్పుడు కొట్టాలో నేను చూపిస్తానండి. రుమాలు పైకెత్తితే చప్పట్లు, ఊపితే నవ్వు."

"మరి జవాబు వచ్చిందో లేదో ఎవరు చూస్తారు?"

మేస్త్రి తల గోక్కున్నాడు. "దానికి మనిషిని పెట్టలేదండీ."

ఆ కోపంలో మావయ్య దిగాల్సిన చోటు దాటిపోయాడు; కోడలు వెనక్కి నడిపించుకొచ్చింది.

పూర్వం ఒక చక్రవర్తి తను పాడితే మెచ్చుకోవడానికి వేలమందిని జీతమిచ్చి పోషించాడట. ఆ జనం నయం, జీతం కోసం కొట్టారు. ఇప్పటి మనం ఇంట్లో కూర్చుని, కరెంటు బిల్లు కూడా మనమే కట్టి కొడుతున్నాం. మావయ్య మంట అదే. ఓసారి సెలూన్లో టీవీ వాదన చూస్తున్నారు. ఒక నాయకుడు ఏదో విసురు విసిరాడు. జనం "భలే కొట్టాడు" అన్నారు. "అవతలివాళ్ళు అడిగిందేమిటి?" అన్నాడు మావయ్య. అక్కడున్న ఒక్కరికీ గుర్తులేదు. ఈల మోగింది. మంగలి ఉలిక్కిపడ్డాడు. కుర్చీలోని పెద్దమనిషి మీసం సగం పోయింది. ఆయన ఇంటికెళ్ళి, మిగతా సగాన్ని తనే తీసేసుకున్నాడు.

ఇంట్లో అయితే చెప్పనక్కర్లేదు. "రేపు పాపను ఎవరు చూస్తారండీ?" అని కోడలు అడిగేది. "ఇవాళ కూర బాగుంది" అనేవాడు మొగుడు. వెంటనే ఈల. ముద్ద గొంతుకు అడ్డంపడి కొడుకు దగ్గు, నిద్రలోంచి లేచి పాప ఏడుపు. అటు కూర చల్లారేది, ఇటు కోడలి ప్రాణం విసిగేది. ముసలాయనకు వినోదమనే అనుకునేదామె.

టౌన్‌హాలు కిటకిటలాడుతోంది. వేదిక మీద ఇద్దరు. ఒకాయనకు నవ్వించడం విద్య, రెండో ఆయనకు కళ్ళు తుడుచుకోవడం. జనం ఒకాయనను నవ్వుల నాయకుడనీ, ఇంకొకాయనను కన్నీళ్ళ నాయకుడనీ పిలుస్తారు. అన్నం పెట్టే ఊసు ఇద్దరి దగ్గరా లేదు కాబట్టి, జనానికి ఎంచుకోవడానికి అదే మిగిలింది.

కోడలి వంతు వచ్చింది. మైకు పట్టుకుని వణుకుతూ అడిగింది. "మా కార్ఖానా వీధి పిల్లల కేంద్రం ఎప్పుడు తెరుస్తారండీ?"

నవ్వుల నాయకుడు చేతులు జోడించాడు. "చెల్లెమ్మా, మా అమ్మా మిషను కుట్టేది. నా మొదటి చొక్కాకు ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి పెట్టింది. అప్పట్నుంచీ పొడుగు చేత్తో ఇవ్వడం, పొట్టి చేత్తో తీసుకోవడం అలవాటైపోయింది."

మేస్త్రి రుమాలు లేచింది. హాలు దద్దరిల్లింది. అంతెందుకు, కోడలే ఫక్కున నవ్వింది. మైకు చంకలో పెట్టుకుని తనూ చప్పట్లు కొట్టింది.

ఈల మోగింది.

మైదానంలో ఇరవైరెండు మందిని ఆపిన ఈల అది. హాలు ఒక్కసారిగా మూగబోయింది. "ఎవరండీ, లైవులో ఉన్నాం" అంది యాంకరమ్మ. మావయ్య లేచాడు. అయిపోయింది, ఇక నాయకుణ్ణి కడిగేస్తాడు, ఊరందరి ముందూ పరువు పోతుంది అనుకుని కోడలు కళ్ళు మూసుకుంది.

మావయ్య వేదిక వైపు చూడనే లేదు. కోడలి వైపు తిరిగాడు.

"అమ్మాయ్, నీకు జవాబు వచ్చిందా?"

ఆమె చప్పట్లు కొట్టిన చేతుల్ని చూసుకుంది. ఇంట్లో మోగిన ఈలలన్నీ ఒక్కొక్కటే చెవిలో పడ్డాయి. పాపను ఎవరు చూస్తారని అడిగినప్పుడు, ఇంట్లో పాత మిషను బాగు చేయిస్తారా అని అడిగినప్పుడు. అన్నీ ఆమె అడిగినప్పుడే.

"రాలేదు మావయ్యా" అంది. తర్వాత మైకులో, "రాలేదండీ."

రుమాలు ఎత్తమని యాంకరమ్మ మేస్త్రికి సైగల మీద సైగలు చేసింది. మేస్త్రి రుమాలు మడిచి కింద పెట్టి, దాని మీద కూర్చున్నాడు.

చప్పట్లు లేవు. నవ్వుల నాయకుడు మైకు దగ్గరికి లాక్కున్నాడు. "నాకు తెలీదమ్మా" అన్నాడు, ఆ సాయంత్రం మొదటిసారి మామూలు గొంతుతో.

కన్నీళ్ళ నాయకుడు కిసుక్కున నవ్వాడు. రెండో ఈల.

"మరి తమకు తెలుసా?" అన్నాడు మావయ్య. ఆయన చటాలున కళ్ళు తుడుచుకోవడంలో పడ్డాడు.

"అసలు ఎందుకు మూశారమ్మా?" అన్నాడు నవ్వుల నాయకుడు.

అడిగారు గనక కోడలు చెప్పింది. వణుకు ఎటు పోయిందో. "వానకు కప్పు కారిందని మూశారండీ. కప్పు బాగు చేసి కూడా ఏడాది దాటింది. కానీ ఇప్పుడు లోపల ఖాళీ లేదు. ముందు గదిలో మీ పార్టీ జెండాలూ కుర్చీలూ ఉన్నాయి. వెనక గదిలో ఆయనగారివి. అవి చెమ్మ తగలకుండా పొడిగా ఉన్నాయండీ. మా పిల్లలే మిషన్ల కింద ఉన్నారు."

 వెనక వరసలోంచి ఒక ముసలమ్మ, "మీ జెండాలకు దొరికిన నీడ మా మనవళ్ళకు దొరకదుట్రా?" అంది. ఏ రుమాలూ లేవకుండానే హాలు లేచి నిలబడింది. జనం చప్పట్లు మాని అడగడం మొదలుపెట్టారు.

"రేపు పొద్దున్నే తీయించేస్తాను" అన్నాడు నవ్వుల నాయకుడు.

"నేను ఇప్పుడే" అన్నాడు కన్నీళ్ళ నాయకుడు. నిజంగానే హాల్లోంచే ఫోను చేశాడు. ఆయన మనుషులు వెళ్ళారని తెలిసి, ఈయన మనుషులూ పరుగెత్తారు. ఇద్దరిలో ఎవరు ముందు ఖాళీ చేశారన్నది ఇప్పటికీ ఆ వీధిలో తేలని తగువు. కేంద్రానికి మాత్రం మళ్ళీ తాళం పడలేదు.

బయటికొచ్చాక కోడలు మావయ్య పక్కన కొంతదూరం నడిచింది. అడగాలా వద్దా అని తటపటాయించి అడిగేసింది.

"మావయ్యా, ఇంట్లో అన్నాళ్ళూ ఆ ఈల నాకోసమే ఊదారా?"

మావయ్య ఆకాశం చూశాడు. "మబ్బు పట్టింది. పాపకు గొడుగు కొనాలి."

"నేను అడిగింది అది కాదు మావయ్యా."

మావయ్యకు అకస్మాత్తుగా చెవుడు వచ్చింది. ఈలను చొక్కా లోపలికి తోసుకుని, వస్తానని కూడా అనకుండా, సెలూన్ ఉన్న సందులోకి తిరిగి చకచకా వెళ్ళిపోయాడు.