కుర్చీ అడిగిన పురోహితుడు

నేను ఏలూరులో పురోహితుణ్ణి. నడుములో ఆర్థరైటిస్ వల్ల పీట మీద కూర్చోలేను. కదులుతూ ఉంటేనే నడుము పట్టేయకుండా ఉంటుందని డాక్టరుగారు చెప్పడంతో రోజూ పొద్దున్నే షటిల్ ఆడుతుంటాను.

కిందటేడు శ్రావణంలో ఒకరింట్లో కుర్చీ వేయించుకుని వ్రతం చేయించాను. మర్నాడు ఆ ఇంటాయన షటిల్ కోర్టు దగ్గర కనిపించారు. కుర్చీ అడిగినవాణ్ణి ఇలా ఆడుతూ కనపడ్డానే అన్న కంగారులో కాక్ కోసం ఒక్కసారిగా వంగాను. నడుము పట్టేసి అక్కడే కూలబడ్డాను.

"నిన్న కింద కూర్చోలేనన్నారు కదండీ పంతులుగారూ, ఇవాళ బాగానే కూర్చున్నారే" అన్నారాయన. అందరూ నవ్వారు. నొప్పికి నా కళ్ళలో తిరిగిన నీళ్ళు చూశాక ఆయనే చెయ్యిచ్చి లేపారు.

ఆట మానలేదు. కుర్చీ అడగడానికే నోరు రావడం లేదు. పళ్ళు బిగించి పీట మీదే కూర్చుంటున్నాను.