మూడడుగుల ఎర్తింగ్

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకముండేది, నేలలోపల ఏముండాదో ఎవరూ తవ్వి చూడరని. మా ఊరి బంగారు గనులు మూతపడి కొన్నేండ్లయింది. ఊరిగాంలో మా నాయన తన పాత గుమాస్తా ఉద్యోగాన్ని తలుచుకుంటా కూర్చునే కాలంలో, నేను డిప్లొమా ముగించి ముళబాగిల్లో సోలార్ పంపులు బిగించే చిన్న కంపెనీలో చేరినాను. (మొదటి వారం పసుప్పచ్చ హెల్మెట్ పెట్టుకునే బస్సెక్కేదాన్ని. కండక్టరు లేచి సీటిచ్చినాడు. పని తెలిసిన మనిషి అనుకున్నాడు పాపం.)

నాకు ఒంటరిగా అప్పజెప్పిన మొదటి పని నంగలి దగ్గర ఒక అవ్వ మామిడి తోటలో. ఇనుప కంబం నాటినాము, పైన ప్యానెళ్లు బిగించినాము, బోరు మోటరుకి కనెక్షన్ ఇచ్చినాము. ఇంగ ఎర్తింగ్ ఒక్కటే మిగిలింది. పిడుగు పడినా, కరెంటు లీకైనా అది మనిషి మీదికి రాకుండా నేలలోకి పోయేదానికి దారన్నమాట. దానికి పదడుగుల రాడ్డు నిలువునా దిగగొట్టాల. మేస్త్రీ సమ్మెటతో కొడితే మూడడుగులు దిగి ఠంగుమనింది. కింద బండ. పక్కన కొట్టినా బండే. మర్నాడే సర్కారు ఆఫీసరు పరీక్షకి వస్తాడు, ఆయన సంతకం పెడితేగానీ మోటరు వేయకూడదు, చూస్తే అవ్వ చెట్లు పిందెలతోనే వాడిపోతా ఉండాయి. మేస్త్రీ టీకి పోయిన సందులో ఇనుము కోసే ఆక్సా బ్లేడు తీసుకుని, జానెడు మాత్రం పైకి వదిలి, మిగతాది కోసి పొదలో పారేసినాను.

సాయంత్రం అవ్వ వచ్చి చూసింది. "పాపా, అంత పొడుగు కడ్డీ యాడికి పోయె?"

"నేలలోకి దిగిపోయిందవ్వా."

"ఈ చేతుల్లో అంత బలముండాదా" అని నా చేతులు తిప్పి తిప్పి చూసి, తినేటప్పుడు రాగిముద్ద ఇంకొకటి వేసింది. (ఆ ముద్ద మింగేదానికి పడిన కష్టం రాడ్డు కోసేదానికి పడలేదు.)

నేల తడిగా ఉంటే ఎర్తింగ్ కొలిచే మీటర్లో రీడింగ్ బాగా వస్తుందని నాకు తెలుసు. అందుకని పొద్దున్నే వచ్చి రాడ్డు చుట్టూ నాలుగు బిందెల నీళ్లు పోసినాను. నేను కంబం దగ్గర వైర్లు సర్దుకుంటా ఉంటే, అవ్వ ఏమో పదడుగుల లోతు దిగిన కడ్డీకంటే గట్టి గుంజ ఇంకేముంటుందని పాలు పిండేదానికి సీమావును తెచ్చి దానికే కట్టేసింది. సరిగ్గా అప్పుడే ఆఫీసరు జీపు హారన్ కొడతా తోటలోకి వచ్చింది. ఆవు బెదిరి ఒక్క గుంజు గుంజింది. బురదలోనుంచి రాడ్డు ముల్లంగిగడ్డ మాదిరి ఊడి వచ్చింది. ఆవు ముందు, ఎనక రాడ్డు, దాని ఎనక పచ్చ వైరు, అన్నీ కలిసి ఆఫీసరు దగ్గరికే పోయి నిలబడినాయి.

ఆయన వంగి, రాడ్డును జానలతో కొలిచినాడు. "మిగతాది యాడమ్మా?"

నేను అవ్వను చూసినాను. అవ్వ ఆవును చూసింది.

"కోసేసినాను సార్. కింద బండ ఉండాది" అన్నాను.

"యా ఊరు నీది?"

"ఊరిగాం సార్."

"రెండు మైళ్ల లోతు దిగిన ఊరినుంచి వచ్చి మూడడుగుల్లో నిలిచిపోతివా" అన్నాడు. మేస్త్రీ నవ్వినాడు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. "పిడుగు పడితే అది నేలకి దారి ఎతుక్కుంటుంది. నువ్వు సరైన దారి చూపకపోతే, మోటరు స్టార్టరు మీద చెయ్యి పెట్టిన ఈ అవ్వే దారి అవుతుంది."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆయన నన్ను బోరు పక్కన నీళ్ల తొట్టి కట్టమీద కూర్చోబెట్టి, నేలమీద పుల్లతో గీసి చూపించినాడు. నిలువుగా దిగకపోతే అడ్డంగా పోవాల. మోకాటికి పైదాకా లోతుండే కాలువ తవ్వి, తొట్టి పక్కన ఎప్పుడూ తేమగా ఉండే మన్నుదాకా పొడుగ్గా ఇనుప పట్టీ పరిచి పూడ్చాల. కంబం, ప్యానెళ్ల ఫ్రేము, మోటరు, అన్నీ దానికే కలపాల.

రెండు దినాలు మేస్త్రీతో సమానంగా తవ్వినాను. అవ్వ పిలిచి మజ్జిగ పోసింది గానీ, చేతుల బలం గురించి ఇంగేమీ అనలేదు. ఆఫీసరు మళ్లీ వచ్చి మీటరు పెట్టి, సంతకం చేసినాడు. "మా కంపెనీకి చెప్తారా సార్?" అని అడిగితే, "ఆవు చెప్పకపోతే నేనూ చెప్పను" అని జీపెక్కినాడు. మోటరు వేస్తే నీళ్లు దుమికినాయి. అవ్వ మొదటి దోసిలి నా మొహాన కొట్టింది.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తా ఉండారు. తప్పు జరిగితే "సైట్ పరిస్థితుల వల్ల" అని మొదలుపెట్టి రెండు పేజీల రిపోర్టు రాసేదానికి నాకు బాగా చేతనవుతుంది. బురద కాళ్లతో నిలబడి "కోసేసినాను సార్" అన్న ఆ పిల్ల మాత్రం అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. పనిలో ఆమెకంటే నేను చాలా మేలు. ఆ ఒక్క మాటలో మాత్రం ఆమె దగ్గరికి కూడా పోలేను.