గీకేసిన జానెడు చెక్క

మొన్న మా అల్లుడు పాత బీరువాను గీకించి కొత్త పాలిష్ పట్టిద్దామంటే ఇంతెత్తున లేచాను. నలభై ఏళ్లు వడ్రంగం చేసినవాడు పాలిష్ వద్దంటాడేమిటని ఇంటిల్లిపాదీ నవ్వారు. వాళ్లకేం తెలుసు!

కరోనా తగ్గిన మరుసటేడు, దుబాయ్ పక్కనే అజ్మాన్‌లో ఉన్న మా కంపెనీకి దుబాయ్‌లో ఒక పాత హోటల్ పని వచ్చింది. అందులో ఇంగ్లీషువాళ్ల పబ్బు ఒకటుంది. వాళ్ల దేశంలో ఎప్పుడో ఒక పాతకాలపు పబ్బును కూల్చేస్తుంటే, లోపలి చెక్కపనంతా విప్పి ఓడలో తెచ్చి ఇక్కడ బిగించారట. మందు వాసనే గిట్టని నెల్లూరు సాయిబుని నేను. ముక్కు మూసుకుని లోపలికెళ్లి, నోరు తెరుచుకుని నిలబడిపోయాను. గోడలకు మనిషెత్తు చెక్క పలకలు, ఒక్క మేకు కనిపించని అతుకులు, ఆ మూల నుంచి ఈ మూల దాకా ఓకు చెక్క కౌంటరు. చేసినవాడి చేతులు కళ్లకద్దుకోవాలనిపించింది.

కౌంటరు అంచు మాత్రం నల్లబడి, అక్కడక్కడా గుంటలు పడి ఉంది. మా ఫోర్‌మన్ కరీంనగర్ మనిషి, "యల్లా భాయ్, కానియ్, కొత్తదాని లెక్క మెరవాలె" అన్నాడు. మనకు పాతదాన్ని గౌరవించడమంటే కొత్తదానిలా చేయడమే కదా! తెల్లచెక్క తేలేదాకా మిషనుతో జానెడు మేర గీకి, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

అంతలో పాత కట్టడాల నిపుణురాలైన ఇంగ్లీషావిడ వచ్చింది. ఆమెకు చెప్పకుండా అక్కడ ఏదీ ముట్టుకోకూడదని మాకెవరూ చెప్పలేదు. అరుస్తుందనుకుంటే, ఆ జానెడు మీద అరచెయ్యి ఆనించి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె మాటలు ఫోర్‌మన్ నాకు చెప్పాడు. "అవి గుంటలు కావంట భాయ్. ఎన్నో ఏండ్లు మనుషులు మోచేతులు ఆనిచ్చిన జాగలంట." వాళ్ల దేశంలో ఇలాంటి పబ్బులకిప్పుడు చట్టమే కాపలా అట, తలుపు గడియ మార్చాలన్నా అనుమతి కావాలట. ఇక నా వీసా ఖలాస్ అనుకున్నాను. ఎవరు చేశారని ఆమె అడిగితే, ఫోర్‌మన్ నోరు విప్పేలోగా నేనే చెయ్యెత్తాను.

ఆమె నన్ను పంపేయలేదు. మిగిలిన కౌంటరంతా మెత్తటి గుడ్డతో తుడిచే పని నాకే అప్పగించింది. మూడు వారాలు ఒక్కో గుంటలో నా మోచెయ్యి ఆనించి చూసుకుంటూ తుడిచాను. ముక్కూమొహం తెలియని వాళ్లెవరో పక్కన కూర్చున్నట్టు ఉండేది. ఆ తెల్లచెక్కకు రంగు కొట్టి కలిపేస్తానని బతిమాలితే ఒప్పుకోలేదు. జరిగింది జరిగినట్టే కనిపించాలంటూ దాన్నీ ఫొటో తీసి, తన కాగితాల్లో రాసుకుంది.

దుబాయ్‌లో నేను చేసిన తలుపులకు, బల్లలకు లెక్కలేదు. హోటళ్లు ముస్తాబు మార్చినప్పుడల్లా వాటిని విరిచి లారీల్లో పారబోశారు, మా కాలం పనివాళ్లందరి బతుకూ అంతే. తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, ప్రాణం పెట్టి చేసినదేదీ మిగల్లేదు. నేను చెడగొట్టిన జానెడే అక్కడ పదిలంగా ఉంది.