తిరుపతమ్మ ఊపిరి, నాడె దారం

మా కోడలు తిరుపతమ్మ మొదటి గెలుపు కుట్టు అంచు చీర. 1985లో, మా గద్వాల వీధిలో మగవాళ్లే కూర్చునే గుంత మగ్గంలో దిగి, నూలు చీరకు పట్టు అంచును పోగుపోగునా కలిపి నేసింది. వంకర కనబడ్డప్పుడల్లా నేనే విప్పించాను. చివరికి చేనేత సొసైటీ వాళ్లు తప్పు పట్టలేకపోయారు. తర్వాత జిల్లా బహుమతి కూడా తెచ్చింది. ఆ మెమెంటో మా గూట్లో ఉంది, వచ్చినవాళ్లందరికీ చూపిస్తాను.

1996 వానాకాలంలో కష్టం మొదలైంది. అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెకు కన్ను అని చిన్న బెజ్జం ఉంటుంది, అందులోంచి దారాన్ని నోటితో పీల్చి లాగడం మా నేతలో పద్ధతి. ఆమె నాడె నోటికి పెట్టుకుంటే దగ్గు వచ్చేది గానీ దారం వచ్చేది కాదు. మా అబ్బాయి బాలస్వామి ఎగతాళి చేశాడు.

"ఏందే, నాడె నిన్ను జూసి సిగ్గుపడ్తుందా?"

"సిగ్గు కాదు, ఊపిరి అందుత లేదు."

ఇక్కడి డాక్టరు క్షయ అన్నాడు. మాత్రలు ఒక్క పూట మానకుండా మింగింది, గుణం లేదు. అప్పుడు నేను గంజిని అనుమానించాను. వీధిలో పడుగు పోగులు నిలువునా చాచి గంజి పెట్టి కుంచెతో దువ్వేటప్పుడు లేచే పొడి ఆమె ఛాతీలో చేరిందనుకొని ఇంట్లో గంజి బంద్ పెట్టించాను. గంజి లేని పోగులు పుటుక్కున తెగుతుంటే వీధి నవ్వింది. ఊపిరి మాత్రం మెరుగు కాలేదు.

హైదరాబాదు పెద్ద దవాఖానాలో అసలు సంగతి తెలిసింది. మత్తిచ్చి, ఉప్పునీళ్లతో ఒక ఊపిరితిత్తి, కొన్నాళ్లకు రెండోది కడిగారు. సీసాలో తెల్లగా చిక్కగా దిగింది. తెలివి రాగానే ఆమె నాతో, "చూసినవా మామా, మన గంజే" అంది.

డాక్టరమ్మ కాదంది. ఊపిరితిత్తులు ముడుచుకోకుండా ఒళ్లే లోపల ఒక జిగురు తయారు చేసుకుంటుందట. పాతబడ్డ జిగురును తినేసే కణాలుంటాయి. అవి ఎదిగి పని చేయడానికి ఒంట్లో పుట్టే ఒక పదార్థం కావాలి. అది సరిగా పని చేయకపోతే జిగురు పేరుకుపోతుంది. మా లెక్కలో చెప్పాలంటే గంజి ఉంది, కుంచె పట్టే చెయ్యి లేదు. క్యాన్సరు రోగులకు రక్తకణాలు పెరగడానికి ఇచ్చే సూదిమందులో ఆ పదార్థమే ఉందట. ఈ జబ్బుకు అది కొత్త, పని చేస్తుందని మాట ఇవ్వలేనంది.

బాలస్వామి భయపడ్డాడు. "కడిగిచ్చుకుంటే సాలు గదా, కొత్త సూది మనకెందుకు?"

"కడిగితే మళ్ల నిండుతదంట. కడిగేటోళ్లు లోపల్నే ఉండాలె" అంది తిరుపతమ్మ. "సూది ఏపియ్యి. నేను మగ్గం ఇడ్వ."

రోజూ సూది. జ్వరం వచ్చేది, పొట్ట మీద చర్మం ఎర్రగా వాచేది. వద్దని ఒక్కనాడూ అనలేదు. మొదట గోడ పట్టుకొని, తర్వాత పట్టుకోకుండా వరండా అంతా నడిచింది. మొన్న నేను దవాఖానాకు పోయినప్పుడు సంచిలో ఆమె నాడె తీసుకుపోయాను, తెమ్మని కబురు పెట్టింది మరి. దారం చుట్టిన కండె ఎక్కించి, నాడె కంటికి నోరు పెట్టి పీల్చింది. మొదటిసారి రాలేదు. ఆగి, ఊపిరి కూడగట్టుకొని మళ్లీ పీల్చింది. దారం కొస పెదవి మీదికొచ్చింది.

అప్పుడు అడిగింది: "మామా, పడుగుకు గంజి పెట్టిండ్రా?"

నిన్ననే పెట్టాం, నేనే కుంచె పట్టాను. మగ్గం గుంత ఊడ్పించాను. సూది ఇంటి దగ్గర ఎట్లా వేసుకోవాలో ఆమె నర్సు దగ్గర నేర్చుకుంటోంది. డాక్టరమ్మ ఇంటికి పంపిస్తానన్న రోజు 1998 ఏప్రిల్ 20, సోమవారం.