నా పాటలకు ఊపిరాడలేదు

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు శ్రావణి రాస్తోంది. తన తప్పు కూడా తనే రాయాలి మరి.

రెండేళ్లుగా నేను పాడుతుంటే విని, నాట్ల పాటలన్నీ కంప్యూటర్‌లో పాటకొక ఫైలుగా దాచింది. ఈ రోజు మధ్యాహ్నం నూట ఇరవై ఫైళ్లనూ ఒక్కసారే వెబ్ పేజీలుగా మార్చి, చూడమని తెరిచింది. చూస్తే పాదాలన్నీ సందు లేకుండా ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

"ఏందే ఇది? పాటనా, పిండి ముద్దనా?"

"అరె అవ్వా, ఒక్క అక్షరం గూడ పోలే. నీకు చదువే రాదు గదా!"

"నీకొస్తది గదా, జర పాడు మరి."

పాడబోయి మూడో పాదానికే ఆయాసపడింది.

బతుకుదెరువుకు వలసపోయిన మిల్లుల పేట పాండేసరలో ఇంటిల్లిపాదీ ఒకే గదిలో ఉన్న రోజుల్లో, నేనూ మా తోడికోడలు లచ్చవ్వా కూలికి చీరల మీద వేలాడే దారాలు కత్తిరిస్తూ ఈ పాటలే పాడేవాళ్లం. నేను పాదం ముగించి ఆగేదాన్ని. ఆ కాస్త సందులో ఆమె అందుకునేది. ఆమె పోయి నాలుగేళ్లు. ఇప్పటికీ అక్కడ ఆగకుండా పాడలేను. ఆ సందునే కంప్యూటర్ మింగేసింది.

"అన్నీ మల్ల చెయ్" అన్నాను. సాయంత్రానికి చేసింది. ఇప్పుడు పాదం కింద పాదం ఉంది, ప్రతి పాదం చివర తెల్లటి ఖాళీ ఉంది. నాకు చదవడం వచ్చింది ఆ ఖాళీ ఒక్కటే.

మీరు ఈ పాటలను ఊరికే కళ్లతో చదివి పోకండి. గట్టిగా పాడి, ఖాళీ దగ్గర పక్కవాళ్లను అందుకోమనండి. అందుకునేవాళ్లు లేకపోతే ఈ పేజీ కింద రాయండి, నేనున్నాను.